పౌరసత్వం - పాత విడాకులు

మా గిద్దలూరు వైపు "పెద్దమనుషుల్లో తెంపేసుకున్నాం" అంటే విడాకులు అయిపోయినట్టే. స్టాంపు కాగితం, నాలుగు సంతకాలు, అంతే! అలా విడిపోయి, మళ్ళీ పెళ్ళి చేసుకుని అమెరికా వచ్చిన స్నేహితుడొకడు "పౌరసత్వం ఫారంలో మొదటి పెళ్ళి రాయాలా?" అనడిగాడు.

రాయాల్సిందే. ఎన్-400 ఫారం పాత పెళ్ళిళ్ళూ అడుగుతుంది. విడాకులు తప్పు కాదు, దాచడం తప్పు. ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకి ఐదేళ్ళ లెక్క విడాకులతో మారదు. సిటిజన్‌ని పెళ్ళాడి మూడేళ్ళ లెక్కన అప్లై చేసినవాళ్ళు ప్రమాణానికి ముందే విడిపోతే మాత్రం ఆ వెసులుబాటు పోతుంది.

అసలు చిక్కు ఆ స్టాంపు కాగితంతోనే. 1955 హిందూ వివాహ చట్టం ఆచారం ప్రకారం జరిగిన విడాకుల్ని కాదనదు. కానీ ఆ ఆచారం ఉందని రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే మొదటి పెళ్ళి రద్దు కానట్టే, రెండోది చెల్లనట్టే. అప్పుడు రెండో భార్య గ్రీన్‌కార్డూ ప్రశ్నలో పడుతుంది.

మార్కాపురమో గిద్దలూరో, కోర్టు మెట్లెక్కితే పరువు పోతుందంటారు మనవాళ్ళు. ఆ పరువు ఖరీదు, ఏ పాపం తెలియని రెండో ఆవిడ కట్టాలా?