కరివేపాకు కుండీ దగ్గర ఒక గంట



బర్త్‌డేలకు, టూర్లకు కొన్న కెమెరా మీ బీరువాలో ఉందా? ఈ ఆదివారం పొద్దున ఎండ పడ్డాక దాన్ని మీ పిల్లల చేతికివ్వండి. మాక్రో లెన్స్ కొనక్కర్లేదు. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ చాలు.

నేను సెలవు రోజున మా బాల్కనీలోని కరివేపాకు మొక్క ముందు కూర్చుంటాను. ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది ఒక్కోసారి సీతాకోకచిలుక గొంగళిపురుగు! పిట్టల కంట పడకుండా దానికదే వేషం. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది.

జూమ్ 55లో, ఎపర్చర్ ఎఫ్/8లో పెట్టమనండి. ఈ లెన్సుల్లో చాలావాటికి సెన్సర్ నుంచి సుమారు 25 సెంటీమీటర్ల దూరం కావాలి. ఇంకా దగ్గరికి వెళితే ఫోకస్ కుదరదు. ఆకు కదిలినా, మన చెయ్యి వణికినా ఫొటో మసగ్గా వస్తుంది. ఇరవై తీస్తే ఒకటి బాగుంటుంది. విసుగొచ్చి కెమెరా మీరు తీసుకోకండి. ఆ ఒక్కటీ వాళ్లనే తీయనివ్వండి.

ఎందుకంటే, నా క్లాసులో నెలల తరబడి ఇంగ్లిష్‌లో నోరు విప్పని ఒక అమ్మాయి, తను తీసిన చీమ ఫొటో చూపిస్తూ ఐదు వాక్యాలు చెప్పింది. గ్రామర్ తప్పులున్నాయి. నేను ఆపలేదు, దిద్దలేదు. చెప్పాలనిపించే విషయం దొరికితే మాట అదే వస్తుంది.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి ఆ ఫొటో కూడా తీసుకురండి. ముందు దాని గురించి మాట్లాడుకుని, తర్వాత మార్కుల దగ్గరికి వద్దాం.