ముప్పై రోజుల లోపు

విజయవాడ హైవే మీద సూర్యాపేట, నకిరేకల్ వైపు నుంచి వచ్చే అంబులెన్సులు నగరంలోకి దిగేది ఎల్బీ నగర్ దగ్గరే. అక్కణ్నుంచి కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో స్తంభాలకు అటూ ఇటూ పిల్లల ఆస్పత్రుల బోర్డులే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ‘బాక్సులో పెట్టాల’ని ఊళ్లో చెప్పగానే చాలామంది పట్టే దారి ఇది. అలాంటి ఒక ఆస్పత్రికి రెటీనా డాక్టరమ్మ వారానికోసారి వస్తారు. ఆమె వెంట నేనూ లోపలికి వెళ్లాను.

ఆమె సామాను ఒక చేతిసంచిలో పట్టింది. తలకు కట్టుకునే లైటు, ఒక లెన్సు, రెప్పలు విడదీసి పట్టే సన్నని తీగ. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు నర్సు ముందే వేసి ఉంచింది. కక్కుకుంటారని పాలు కూడా ఆపారు. నాలుక మీద కాసిన్ని పంచదార నీళ్లు వేసి, గుడ్డలో చుట్టి పట్టుకోగానే ఆ పిడికెడంత బిడ్డ పెట్టిన కేకకు నేను గోడను ఆనుకున్నాను. డాక్టరమ్మ తల ఎత్తలేదు. ‘‘జోన్ టూ, స్టేజ్ టూ. వారంలో మళ్లీ చూడాలి’’ అన్నారు, నర్సు రాసుకుంది.

గర్భంలో పదహారో వారం ప్రాంతంలో కంటి వెనక ఉండే రెటీనా పొర మధ్య నుంచి రక్తనాళాలు అంచుల వైపు పాకడం మొదలవుతుంది. ఆ పని పూర్తయ్యేసరికి దాదాపు నలభయ్యో వారం వస్తుంది. ముప్పయ్యో వారంలోనే పుట్టిన బిడ్డకు అది సగంలో ఆగిపోతుంది. కొన్ని వారాలకు, నాళాలు చేరని రెటీనా ప్రాణవాయువు కోసం రసాయన సంకేతాలు పంపుతుంది. వాటికి కొత్త నాళాలు పుట్టుకొస్తాయి గానీ దారి తప్పి లోపలి జెల్లీలోకి ఎక్కుతాయి. అక్కడ మచ్చకట్టి ముడుచుకుంటూ రెటీనాను గుంజేస్తాయి. కొంత ఊడితే నాలుగో దశ, మొత్తం ఊడితే ఐదో దశ. మూడో దశ దాకా లేజరుతోనో, కంట్లోకి ఇచ్చే ఇంజక్షనుతోనో ఆపవచ్చు. నాలుగో దశలో ఆపరేషనుతో కొంత చూపు దక్కవచ్చు. ఐదో దశలో ఆపరేషను చేసినా చేతికొచ్చే చూపు బహు తక్కువ.

ఈ జబ్బును మొదట వర్ణించింది బోస్టన్‌లో టెర్రీ అనే డాక్టరు, 1942లో. ఇంక్యుబేటర్లలో ధారాళంగా పెట్టిన ఆక్సిజనే కారణమని 1950లలో తేలింది. ఒక్కసారిగా తగ్గిస్తే ఈసారి ప్రాణాలే పోయాయి. అందుకే ఇక్కడ బిడ్డ రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గినా, 95 శాతం దాటినా మానిటరు గోల చేస్తోంది. అమెరికాలో ముఖ్యంగా కిలోన్నర లోపు పిల్లలనే చూస్తారు. మన దగ్గర రెండు కిలోల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టినవాళ్లందరినీ చూడాల్సిందే, కాస్త పెద్ద పిల్లలకూ ఇది వస్తోంది కనుక.

కంటి డాక్టరే బిడ్డ దగ్గరికి వెళ్లే ఈ పద్ధతికి హైదరాబాదులో పునాది వేసింది ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన డాక్టర్ సుభద్రా జలాలీ. 1990ల చివర్లో జంటనగరాల నవజాత శిశు విభాగాలకు తిరగడం మొదలుపెట్టారు. పుట్టిన ముప్పై రోజుల్లో మొదటి పరీక్ష జరగాలన్న ఆమె నినాదం ‘తీస్ దిన్ రోషనీ కే’ వైద్యుల్లో బాగా నాటుకుంది. ఇళ్లల్లోకి ఇంకా చేరలేదు. ఆ సంగతి బయట బెంచీ మీద అర్థమైంది.

‘‘గింత పిల్లను మళ్ల బయటికి ఎట్ల తీస్కొస్తం మేడం? గాలి తగుల్తది. మూడో నెల పడ్డంక వస్తం’’ అంది సూర్యాపేట నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ. ఇరవై ఒకటో రోజు వేడుక చెయ్యాలని, బాలింతను పుట్టింటికి తీసుకుపోవాలని ఆమె ఆలోచన.

‘‘మూడో నెలకైతే చూసుడే ఉంటదమ్మా, చేసుడుండదు’’ అన్నారు డాక్టరమ్మ.

అమ్మమ్మ మాట తీసిపారేసేది కాదు. బక్క బిడ్డను జనంలోకి తేవద్దన్నది పెద్దల అనుభవమే. పైగా ఈ జబ్బు పైకి కనపడదు, కళ్లు నిగనిగలాడుతూనే ఉంటాయి. నెలలు గడిచాక నల్లగుడ్డు వెనక తెల్లగా మెరిస్తే ‘కంట్లో పువ్వు’ అనుకుని పరుగెత్తుకొస్తారు. అప్పటికి రెటీనా మొత్తం ఊడి ఉంటుంది.

రెటీనా ఇలా గుట్టుగా ఊడటం పసికందులకే కాదు, బడి పిల్లలకూ జరుగుతుంది. బంతి దెబ్బ, మైనస్ పవరు ఎక్కువగా ఉండటం ముఖ్య కారణాలు. ఒక కన్ను బాగుంటే పిల్లవాడు నోరు విప్పడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్లలో దళసరి అద్దాల పిల్లలను చూసినప్పుడల్లా, వీళ్లకు ఏడాదికోసారి చుక్కలు వేసి ఎవరైనా చూస్తున్నారా అనిపిస్తుంది.

చివరికి బెంచీ మీది అమ్మమ్మ మళ్లీ రావడానికి ఒప్పుకుంది, మంగళవారం కాకుండా బుధవారం అయితేనే. నర్సు ఫైలులో తండ్రి నంబరు పక్కన ఆమె నంబరు, దాని కింద వాళ్ల ఊరి ఆశా కార్యకర్త నంబరు రాసింది. ‘‘తండ్రి డ్యూటీలో ఉంటే ఫోనెత్తడు, బిడ్డేమో అత్తగారింట్ల ఉంటది’’ అంటూ బుధవారం చుట్టూ ఎర్ర పెన్నుతో గీత చుట్టింది.