పాత ఏ320లు పోతున్నాయి, కొత్త ఇంజన్ల పని శంషాబాద్‌కే వస్తోంది

ఇటిక్యాల నుంచి ఎర్రవల్లి చౌరస్తాకొచ్చి హైవే ఎక్కి శంషాబాద్ చేరినవాళ్లకు ఇప్పటి విమానం పాతదానిలాగే కనిపిస్తుంది. తేడా ఇంజన్‌లో ఉంది. పాత ఏ320 విమానానికి బిగించిన సీఎఫ్ఎం ఇంజన్ ముందరి ఫ్యాన్ వ్యాసం 68 అంగుళాలు. ఏ320లో కొత్త రకమైన నియోకి వాడే లీప్ ఇంజన్‌ది 78. ఫ్యాన్ పెద్దదైతే ఎక్కువ గాలిని తక్కువ వేగంతో వెనక్కి నెట్టినా సరిపోతుంది. అందుకే పాతదానికంటే దాదాపు 15 శాతం ఇంధనం ఆదా, చప్పుడూ తక్కువ.

1989లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ తెచ్చిన ఏ320లకు రెక్కల కింది చక్రాల కాళ్లలో రెండేసి బదులు నాలుగేసి టైర్లుండేవి, బలహీనమైన రన్‌వేల మీద బరువు పరుచుకోవడానికి. ఆ విమానాలు సర్వీసు నుంచి తప్పుకున్నాయి. 2016 మార్చిలో ఇండిగో దేశంలోకి తొలి నియోను తెచ్చింది.

కొత్తదనం తేలిగ్గా రాలేదు. నియోలకు వాడే మరో రకం, ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ల సమస్యలతో ఇండిగో విమానాలు డజన్ల కొద్దీ నేలమీదే ఆగిపోయాయి. అవే ఇంజన్లను కారణంగా చూపుతూ గో ఫస్ట్ విమానయాన సంస్థ 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది.

అందుకే మరమ్మతు దగ్గర్లో ఉండటం ముఖ్యం. 2025 నవంబర్ 26న శంషాబాద్ విమానాశ్రయం పక్కనే సాఫ్రాన్ సంస్థ లీప్ ఇంజన్ల సర్వీస్ కేంద్రం ప్రారంభమైంది. పూర్తిస్థాయికి చేరాక ఏటా 300 ఇంజన్లు బాగుచేయాలన్నది లక్ష్యం. వెయ్యిమందికి పైగా సాంకేతిక సిబ్బంది కావాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఐటీఐ, డిప్లొమా పిల్లలకు ఈ పనిలో శిక్షణ ఇప్పుడే మొదలుపెట్టాలి.