విమానం దిగిన హీరోకి టాక్సీ ఎవరు పిలిచారు?

సినిమాల్లో విమానం దిగటమంత సుఖం మరోటి లేదు. ఆకాశంలో విమానం కనిపిస్తుంది. చక్రాలు నేలకు తగులుతాయి. నల్లకళ్లద్దాల హీరో చెయ్యి ఊపుతూ మెట్లు దిగుతాడు. కట్! తరువాతి షాట్‌లో బంగళా ముందు కారు ఆగుతుంది, అమ్మగారు హారతి పళ్లెంతో ఎదురొస్తుంది. ఈ రెండు షాట్ల మధ్య హీరోగారి పెట్టె ఎంతసేపటికి వచ్చిందో, టాక్సీవాడు ఎంత అడిగాడో, అసలు విమానం ఎక్కేముందు ఆయన ఎక్కడ కూర్చున్నాడో ఏ దర్శకుడూ చూపించడు. ఎడిటర్ కత్తెరకు పోయిన ఆ ముక్కలో ఏముంటుందో నాకు మొన్న తెలిసొచ్చింది. చిత్తగించండి.

మాది పొదిలి. ఒంగోలుకు యాభై కిలోమీటర్ల దరిదాపుల్లో మిరప, పత్తి, కంది, పొగాకు చేల మధ్య ఉన్న ఊరు. పొగాకు వేలం సాగే రోజుల్లో మా ఊరి రోడ్ల మీద జనమే జనం. కానీ విమానమంటే మాత్రం, కల్లంలో మిరపకాయలు ఎగదోస్తూ తలెత్తి చూసేదే! గన్నవరం విమానాశ్రయానికి పోవాలన్నా రెండొందల కిలోమీటర్లకు అటూ ఇటూ. అంచేత విమానాశ్రయం ఎలా ఉంటుందో మాకు నేర్పింది ఊళ్లో సినిమా హాలే. నేల టిక్కెట్టు కొనుక్కుని మా మామయ్య నేర్చుకున్నాడు. కుర్చీ టిక్కెట్టు కొనుక్కుని నేనూ నేర్చుకున్నాను.

మామయ్యంటే మా అమ్మకు స్వయానా అన్న. పందొమ్మిదేళ్ల వయసులో పొదిలిలో బస్సెక్కి మద్రాసు పోయి, స్టూడియోల్లో లైట్లు మోసే పనిలో చేరాడు. పరిశ్రమ హైదరాబాదుకు తరలినా ఆయన తరలలేదు. వడపళనిలోనే ఉండిపోయాడు. తొమ్మిదేళ్ల కిందట ఇంటి స్థలం పంపకంలో మాటా మాటా పెరిగి అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. మొన్న ఆయనకు గుండె ఆపరేషన్ అని కబురొచ్చింది. అమ్మ ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున చూద్దును కదా, పండుమిర్చి పచ్చడి రుబ్బి సీసాకెత్తింది. మూతకు గుడ్డ కట్టి, దాని మీద నాలుగు ప్లాస్టిక్ కవర్లు చుట్టి నా సంచిలో పెట్టింది.

"మద్రాసు పోతావుగా. మీ మామకియ్యి. నేనిచ్చానని చెప్పబాక."

గుండె ఆపరేషన్ చేయించుకునే మనిషికి పండుమిర్చి పచ్చడేమిటని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

నా లెక్క ప్రకారం హైదరాబాదులో రెండు రోజులు ఇంటర్వ్యూల పని. ఆ తరువాత రైల్లో చెన్నై. ఆపరేషన్ ఎల్లుండి కాబట్టి టైముంది. కానీ రెండో రోజు పొద్దున్నే అత్తయ్య ఫోను: "ఆపరేషన్ ముందుకు జరిపారు నాయనా, రేపు తెల్లారేనంట. ఇవాళ సాయంత్రం ఆరు దాటితే ఎవర్నీ లోపలికి రానివ్వరంట."

ఇంకేముంది! రైలుకు అందదు. మధ్యాహ్నం ఒకటీ నలభైకి విమానం ఉంటే టిక్కెట్టు కొనేశాను. రేటు అడక్కండి. రెండు ఇంటర్వ్యూల పారితోషికం రెక్కలొచ్చి ఎగిరిపోయింది.

రెండు రూపాయల సింహాసనం

2008 మార్చి దాకా హైదరాబాదు విమానమంటే బేగంపేటే. ఊరి మధ్యలోనే ఉండేది. ఆ తరువాత శంషాబాద్. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009లో వచ్చింది గనుక బతికిపోయాం. ఆర్టీసీ వారి పుష్పక్ బస్సు దాని మీద సాఫీగా పోతుంది. నేను ఆ బస్సులోనే పదకొండున్నరకల్లా దిగాను.

మొదటి చిక్కు పచ్చడి దగ్గరే. చేతిసంచిలో పచ్చడి తీసుకుపోతానంటే సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరు. చెకిన్ కౌంటర్లో పెట్టెతోపాటు అప్పగించాల్సిందే. అంటే దిగాక బెల్టు దగ్గర దానికోసం కాపలా కాయాలి. ఆరు గంటల గడువున్న నాకు ఒక్కో నిమిషమూ లెక్కే. సీసా వదిలేసి పోదామా అన్న పాపిష్టి ఆలోచన ఒక క్షణం వచ్చిన మాట నిజం. అమ్మ మొహం గుర్తొచ్చి పెట్టె బెల్టు మీద పెట్టాను.

సెక్యూరిటీ దాటేసరికి పన్నెండుంబావు. ఇక లౌంజ్ సంగతి. మన సినిమా భాషలో చెప్పాలంటే లౌంజ్ అంటే విమానాశ్రయంలో బాల్కనీ క్లాసు అన్నమాట. మెత్తటి సోఫాలు, కాఫీ, టిఫిను, భోజనం. పెద్ద టిక్కెట్టు కొన్నవాళ్లకే అనుకునేవాణ్ణి. అదేం కాదట. కొన్ని బ్యాంకు కార్డులకు ఆ హక్కు ఉంటుంది. కార్డు పనిచేస్తుందో లేదో చూడ్డానికి రెండు రూపాయలు తీసుకుంటారు, అంతే! నా జేబులోని డెబిట్ కార్డుకు ఆ భాగ్యం ఉందని నాకే తెలీదు, బ్యాంకులో పనిచేసే మిత్రుడొకడు చెప్పేదాకా.

అయితే మిత్రులారా, ఎగబడేముందు నాలుగు సంగతులు కనుక్కోండి. మీ కార్డు చెల్లుతుందా? ఈమధ్య చాలా బ్యాంకులు అంతకుముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టినవాళ్లకే అని మెలిక పెడుతున్నాయి. రెండు, లౌంజ్ సెక్యూరిటీకి ఏ పక్కనుంది? దేశంలో తిరిగేవాళ్లకు విదేశీ ప్రయాణికుల లౌంజ్ అందదు. మూడు, అక్కణ్ణుంచి మీ గేటు ఎంత దూరం? నాలుగోది అసలైంది. బయట క్యూ ఎంత ఉంది? కొత్త సినిమా మొదటి రోజు బుకింగ్ దగ్గరున్నట్టు ముప్ఫై మంది నిలబడి ఉంటే, గంటలోపు విమానమున్నవాడు ఆ సుఖం మర్చిపోయి గేటు దగ్గర కుర్చీ వెతుక్కోవటమే తెలివి.

నా ముందు పదిమందే ఉన్నారు. తెలివి పక్కనబెట్టి నిలబడ్డాను. రెండు రూపాయలిచ్చి లోపలికి పోయాను. ఇడ్లీ తిన్నాను, పులిహోర తిన్నాను, కాఫీ తాగాను. అమ్మకు ఫోన్ చేసి, "యాడున్నానో తెలుసా? హీరోలు కూర్చునే చోట కూర్చున్నా" అన్నాను. "పచ్చడి కారలేదుగా?" అంది అమ్మ. అంతే ఆవిడ మాట!

సోఫా వెనక్కి వాలితే రెండు రాత్రుల నిద్ర ఒక్కసారిగా మీద పడింది.

ఇక్కడ తెలుసుకోవాల్సిందేమిటంటే చాలా లౌంజ్‌ల్లో మైకు పిలుపులుండవు. గోడ మీద తెర చూసుకుని ఎవరికి వారే లేచిపోవాలి. దేశంలో తిరిగే విమానాలకు గేటు పాతిక నిమిషాల ముందే మూసేస్తారు. అంటే నా ఒకటీ నలభై విమానానికి అసలు టైము ఒకటింబావు!

"అన్నా... అన్నా, లెగండి. మీది చెన్నై కదా?"

కళ్లు తెరిచాను. ప్లేట్లు తీసే అమ్మాయి. తెర మీద నా విమానం పక్కన ఎర్రక్షరాలు. టైము ఒంటిగంటా ఏడు.

"ఇందాక ఫోన్లో 'యాడ' అన్నారు. మాదీ అద్దంకే. చెన్నై పోతున్నానని కూడా మీరే అన్నారు. లేపితే ఏమనుకుంటారో అని చూశా గానీ..."

థాంక్స్ చెప్పానో లేదో కూడా గుర్తులేదు. పరుగే పరుగు. ఆ రోజు నేను పరిగెత్తిన తీరు ఏ ఫైట్ మాస్టరయినా చూసుంటే వేషం ఇచ్చేవాడు. గేటు మూసే ఆఖరు నిమిషంలో లోపల పడ్డాను. బాల్కనీ క్లాసు సుఖం బాగానే ఉంటుంది గానీ, అక్కడ మన ఫోన్లో అలారం పెట్టుకోకుండా ఒళ్లు వాల్చకూడదని ఆ వేళ లెంపలేసుకున్నాను.

మీనంబాకంలో బేరం

మూడు కావస్తుండగా మీనంబాకంలో దిగాను. మద్రాసులో తెలుగు సినిమాలు తీసే రోజుల్లో విమానం సీనంటే యూనిట్ బండ్లు ఇటువైపే కదిలేవని మామయ్య చెప్పేవాడు. ఈనాటి చెన్నై విమానాశ్రయం అప్పటిది కాదు. ఇక్కడి పార్కింగ్ భవనం పక్కనే 2023 ఫిబ్రవరిలో అయిదు తెరల సినిమా హాలు కూడా తెరిచారు. విమానం ఆలస్యమైతే సినిమా చూడొచ్చు! మనలాంటి వాళ్లకు ఇంతకంటే స్వర్గమేముంది? కానీ నాకు ఆ రోజు ట్రైలర్ చూసే తీరిక కూడా లేదు.

బెల్టు తిరుగుతోంది. అందరి పెట్టెలూ వస్తున్నాయి, నాది రాదు. పది నిమిషాలు. ఇరవై. ముప్ఫై అయిదో నిమిషంలో వచ్చింది. తాళం దగ్గర ఎర్రగా నూనె మరక. నాలుగు కవర్లు దాటి మా పొదిలి కారం బయటకొచ్చింది!

ఇప్పుడు ఊళ్లోకి పోయే దారులు మూడు. ఒకటి మెట్రో. 2016 నుంచి విమానాశ్రయం దగ్గరే స్టేషన్ ఉంది. ఆలందూరులో రైలు మారితే వడపళని దాకా పోవచ్చు. సంచి ఒక్కటే ఉన్నవాడికి, జేబు బరువు లేనివాడికి ఇదే రాజమార్గం. రెండోది ఫోన్లో పిలిచే టాక్సీ. అయితే అది గుమ్మం ముందుకు రాదు. పార్కింగ్ భవనం దాకా మనమే పోయి ఎక్కాలి. మూడోది లోపలే ఉండే ప్రీపెయిడ్ కౌంటర్. ఊరి పేరు చెప్పి డబ్బు కట్టి రసీదు తీసుకోవటం, రసీదు మీదున్న నంబరు బండి ఎక్కటం.

ఇవిగాక నాలుగోది కూడా ఉంది. గుమ్మం దాటగానే చెవి దగ్గరకొచ్చి "టాక్సీ సార్, టాక్సీ" అనే గొంతు. ఒకాయన నా మొహంలో కంగారు ఇట్టే పసిగట్టాడు. వడపళనికి పదిహేను వందలన్నాడు. పన్నెండు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉన్న దూరానికి! మన తొందరే అక్కడ వాళ్ల మీటరు. అది మొహంలో కనిపించకూడదు. వెనక్కి తిరిగి కౌంటర్ దగ్గరకు పోతే అయిదొందల లోపే అయింది. మెట్రో ఎక్కనిదెందుకంటే, కారుతున్న పచ్చడి పెట్టెను నిండు రైల్లో ఒళ్లో పెట్టుకునే ధైర్యం లేక.

డ్రైవరు అరవై దాటిన మనిషి. పెట్టె వాసన చూసి నవ్వాడు. "ఆంధ్రావా?" అన్నాడు. తెలుగు సినిమాలు చూసి నేర్చుకున్న తెలుగట. కుర్రతనంలో నలుపూ పసుపూ అంబాసిడర్ నడిపేవాడట. తెలుగు నిర్మాతలను ఎక్కించుకుంటే పాండీబజారుకో, పానగల్ పార్కు వైపో అని అడక్కుండానే తెలిసేదట.

గిండీ దగ్గర కత్తిపారా వంతెన ఎక్కి, అశోక్‌నగర్ మీదుగా వంద అడుగుల రోడ్డులో వడపళని చేరాం. ఇక్కడే కదా విజయా వాహినీ స్టూడియోలుండేది! 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్' ఇచ్చిన నేల. ఇప్పుడు అక్కడ ఆసుపత్రి, షాపింగ్ మాల్ ఉన్నాయి. మామయ్య లైట్లు మోసిన ఫ్లోరు ఎక్కడుండేదో చూపించమంటే డ్రైవరు స్టీరింగు మీంచి చెయ్యి తీసి మాల్ వైపు ఊపాడు. అంతే. సిగ్నల్ పడింది. బండి కదిలింది.

సీసా మూత

అయిదుంపావుకు మామయ్య మంచం దగ్గరున్నాను. చిక్కిపోయాడు. నన్ను కాదు, నా చొక్కా మీది ఎర్రమరకను చూశాడు.

"ఏందిరా అది?"

సీసా తీసి చూపించాను. అమ్మ చెప్పొద్దన్న మాట ప్రకారం ఏమీ చెప్పలేదు. ఆయన మూత దగ్గర ముక్కు పెట్టి కాసేపు ఊరుకున్నాడు.

"మెంతులు ఎక్కువేసింది. ఎప్పుడూ అంతే మీయమ్మ" అన్నాడు.

"నేను చెప్పలా" అన్నాను.

"నువ్వు చెప్పేదేందిరా! ఫోన్ కలుపు."

కలిపాను. అవతల అమ్మ. తొమ్మిదేళ్ల తరువాత అన్నాచెల్లెళ్లు ఏం మాట్లాడుకుంటారో అని నేనూ అత్తయ్యా చెవులు రిక్కించాం. "తిన్నావా?" అని అమ్మ. "రేపు కోతపెట్టుకుని ఇవాళ తిననిస్తారా?" అని ఈయన. "సర్లే, పచ్చడి ఫ్రిజ్‌లో పెట్టించు, పాడైపోద్ది" అని అమ్మ. స్థలం మాట ఎత్తలేదు ఇద్దరూ. ఆరు కావస్తుంటే నర్సు వచ్చి నన్ను బయటకు పంపేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరుగారు పచ్చడికి ఇంకా అనుమతివ్వలేదు. సీసా అత్తయ్య ఫ్రిజ్‌లో భద్రంగా ఉంది. నడక బాగుపడ్డాక పొదిలి వస్తానంటున్నాడు మామయ్య. ఈసారి విమానం లేదు, లౌంజ్ లేదు. హాయిగా రైలు. నేను ఒంగోలు స్టేషన్‌కు ఎదురుపోయి తీసుకొస్తాను. టాక్సీ బేరం మాత్రం ఆయన్నే ఆడమంటాను, అనుభవమున్న మనిషి కదా!