హీట్ పంపు నేర్పిన పాఠం



ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మా తెనాలి ఇంట్లో యంత్రాలంటే నీళ్ళ మోటారు, మిక్సీ, రెండు ఫ్యానులు. అటువంటి నేను ఒక యంత్రాన్ని గూర్చి వ్రాయబూనడానికి కారణం, ఆ కథలో నా అపరాధం ఒకటి ఉండడమే.

మా అమ్మాయి పురిటికని 2017 డిసెంబరులో నేనూ, మా శ్రీమతీ అమెరికా వెళ్ళాము. ఉత్తర కరోలినా రాష్ట్రంలో, రాలీ నగరం పక్కన కేరీ అనే ఊరు. మనుమరాలు పుట్టిన ఇరవై రోజులకు, 2018 జనవరి మొదటి వారంలో, తూర్పు తీరాన్నంతా గడ్డకట్టే చలి ముంచెత్తింది. ఆ ప్రాంతంలో చాలా ఇళ్ళను వెచ్చగా ఉంచేది హీట్ పంపు. చూడడానికి మన ఏసీ వంటిదే. వేసవిలో ఇంట్లోని వేడిని బయటికీ, శీతకాలంలో బయటి వేడిని లోపలికీ తరలిస్తుంది. అంత చలిగాలిలో వేడి ఎక్కడిదని మీరడగవచ్చు, నేనూ అడిగాను. గడ్డకట్టే గాలిలోనూ కొంత వేడి ఉంటుందట. కొళాయి పంపు నీటిని సృష్టించనట్లే ఇదీ వేడిని సృష్టించదు, ఉన్నదానిని పంపుతుంది. తెలుగు ‘పంపు’కూ ఇంగ్లీషు ‘పంపు’కూ చుట్టరికం లేకపోయినా ఇక్కడ అర్థం చక్కగా కుదిరింది.

నాకు మొదటినుంచీ దానిమీద అనుమానమే. నేలలోని జాలీ వద్ద చేయి పెడితే గాలి వేడిగా తగలదు. “ఇది పాడైనట్లున్నది బాబూ” అన్నాను అల్లుడితో. “లేదు మామయ్యగారూ, దీని తీరే అంత” అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు.

ఒకనాటి రాత్రి మూడు గంటలవేళ బుస్సుమని పెద్ద చప్పుడు. కిటికీ తెర తొలగించి చూస్తే, పెరటిలోని యంత్రం మీదినుంచి తెల్లని పొగ సుడులు తిరుగుతూ లేస్తున్నది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్నది తర్కశాస్త్రపు తొలిపాఠం. గుండె జారిపోయింది. అమ్మాయి అప్పుడే కన్ను మూసింది, అల్లుడు తెల్లవారి ఉద్యోగానికి పోవాలి. ఎవరినీ లేపబుద్ధి పుట్టలేదు. గ్యారేజీలోకి వెళ్ళి, విద్యుత్తు పెట్టెలో ఆ యంత్రపు పేరున్న రెండు మీటలూ కట్టివేశాను. ఇంటిని కాపాడానన్న తృప్తితో పడుకున్నాను.

ఆరు గంటలకు అమ్మాయి కేకతో మెలకువ వచ్చింది. 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండవలసిన ఇల్లు 61కి దిగింది. పసిబిడ్డ చేతులు మంచుముక్కల వలె ఉన్నాయి. శ్రీమతి బిడ్డను గుండెకు హత్తుకుని శాలువా కప్పుకుని కూర్చున్నది. నేను చేసిన పని చెప్పాను. అల్లుడు పల్లెత్తు మాట అనలేదు. అమ్మాయి మాత్రం “నన్ను లేపవలసింది నాన్నగారూ” అన్నది. ఆ ఒక్క మాటా ఇప్పటికీ ములుకే.

ఆనాడు అల్లుడి వద్ద నేను శిష్యుణ్ణయ్యాను. నేను చూసినది పొగ కాదు, ఆవిరి. చలిలో బయటి యంత్రపు గొట్టాలమీద మంచు పేరుకుంటుంది. దానిని కరిగించడానికి యంత్రం కొద్ది నిమిషాలపాటు తిరగబడి వేడిని బయటికి పంపుతుంది. ఆ సమయంలో బయటి ఫ్యాను ఆగుతుంది, బుస్సుమంటుంది, ఆవిరి లేస్తుంది. అది రోగం కాదు, చికిత్స. మంచు కరగక యంత్రమంతా గడ్డ కడితేనే రోగం. అప్పుడు కత్తితోనో కర్రతోనో పొడవరాదు, మెకానిక్కును పిలవాలి.

జాలీ గాలి వేడిగా తగలకపోవడమూ రోగం కాదు. ఆ గాలి మన ఒంటి వేడికి అటూ ఇటూగా ఉంటుంది గనుక చేతికి చల్లగా తోస్తుంది. గది మాత్రం వెచ్చగానే ఉంటుంది.

చలి ముదిరి పంపు శక్తి చాలనప్పుడు ‘ఆక్సిలరీ హీట్’ అని విద్యుత్తు తీగలు ఎర్రబడి తోడు వస్తాయి. ‘ఎమర్జెన్సీ హీట్’ అంటే పంపును తప్పించి ఆ తీగలే పనిచేయడం. నాకిది వ్యాకరణంలా వినిపించింది. ఆగమం మిత్రుని వలె పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువు వలె ఉన్నదానిని తొలగించి కూర్చుంటుంది. రెండవదానికి బిల్లు బాగా ఎక్కువ, పంపు చెడినప్పుడే వాడాలి. ఆ ఉదయం మాత్రం అదే గతి అయింది. కంప్రెసరులోని నూనెను వెచ్చగా ఉంచే చిన్న హీటరు కూడా నా చేతి చలవ వల్ల చల్లారింది. అది మళ్ళీ వేడెక్కేవరకు, కొన్ని గంటలపాటు, పంపును నడపలేదు.

నాలుగు రోజుల తరువాత థర్మోస్టాట్ మీద ‘ఆక్సిలరీ’ అన్న మాట పగలంతా వెలుగుతూనే ఉన్నది. బయట చలి తగ్గింది కదా, ఇదేమిటని సందేహం కలిగింది. ఈసారి మీటల జోలికి పోలేదు. అల్లుణ్ణి పిలిచి అడిగాను. ఇద్దరమూ కలిసి చూశాము. లోపలి ఫిల్టరు బూడిదరంగు దుమ్ముతో దుప్పటిలా ఉన్నది. ఒకటి నుంచి మూడు నెలలకోసారి మార్చవలసినదానిని పురిటి హడావుడిలో మరచారు. గాలి ఆడకపోతే ఇంటికి చేరే వేడీ తగ్గుతుంది. కొత్తది పెట్టాము. బయటి యంత్రానికి అంటుకున్న పైన్ చెట్ల సూదులాకులు నేనే ఏరి, చుట్టూ రెండడుగుల మేర శుభ్రం చేశాను. సాయంత్రానికి ఆ మాట ఆరిపోయింది. అమ్మాయి బిడ్డను తెచ్చి నా ఒడిలో పెట్టింది.

“బడిలో మిమ్మల్ని అడగకుండా పిల్లవాడెవడైనా ఇలా చేస్తే ఏం చేసేవారు?” అని శ్రీమతి నవ్వింది. గోడకుర్చీ వేయించేవాణ్ణి. పిల్లల ఇంట భారం కాకూడదన్న అభిమానం కొద్దీ అడగక ఊరుకుంటాము. ఆ రాత్రి అడగకపోవడమే వాళ్ళకు అసలు భారమైంది.

మీలో శీతదేశాలకు పిల్లల వద్దకు వెళ్ళేవారు ఉంటే, వెళ్ళిన నాడే ఆ యంత్రం తీరుతెన్నులు చెప్పించుకోండి. అర్ధరాత్రి అయినా సరే, తలుపు తట్టండి.