కౌన్సెలింగ్ అంటే

మన తెలుగులో కౌన్సెలింగ్ అంటే సీటు. ఎంసెట్ ర్యాంకు కార్డు, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని తండ్రీబిడ్డలు నిలబడే క్యూ. ఇప్పుడా క్యూ కూడా కంప్యూటర్‌లోకి పోయింది. పిల్లనో పిల్లాడినో ఎదురుగా కూర్చోబెట్టుకుని ‘నీకేం ఇష్టం? ఇంట్లో ఏం ఇబ్బంది?’ అని అడగటాన్నీ అదే మాటతో పిలుస్తారని, జర్నలిస్టునయ్యాకే నాకు తెలిసింది. అంతకుముందు ఎవరైనా అడిగితే కదా!

మాది దుర్గి. రాతిలో దేవుళ్లను చెక్కే ఊరు. ఇంట్లో ఉర్దూ, వీధిలోనూ బళ్లోనూ తెలుగు. 1996లో పది పాసయ్యాను. అబ్బాకు తెలుగు చదవటం రాదు. నా మార్కుల లిస్టు నేనే చదివి వినిపించాను. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. ఏ గ్రూపు తీసుకోమంటారని తెలిసిన పెద్దమనిషిని అడిగితే, ‘మీ సాయిబులకు గ్రూపులేందిరా! ఏదో ఒకటి చదువు. ఎట్లాగూ మెకానిక్ షెడ్డేగా’ అన్నాడు. కోపంతో కాదు, ప్రేమగానే అన్నాడు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

మాచర్లలో సీఈసీలో చేరాను. ఆ గ్రూపు చదివినవాడు ఎంసెట్ రాయటానికి లేదని చేరాక తెలిసింది. పదిహేనేళ్లప్పుడు తెలియక పట్టిన దారి మళ్లీ వెనక్కి రానివ్వదు. మాచర్ల దాటితే విజయపురి సౌత్‌లో ప్రభుత్వ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ఉంది. ప్రవేశ పరీక్షలో నెగ్గితే చదువూ తిండీ అక్కడే. సాగర్ డ్యాం చూడటానికి పోతూ ఆ గేటు చూశాను. అది నాలాంటివాడి కోసమూ ఉందని ఎవరూ చెప్పలేదు. ఆ పరీక్షకు దరఖాస్తుల గడువు పది ఫలితాలు రాకముందే అయిపోతుంది. ఫలితాలొచ్చాక ఆలోచన మొదలుపెట్టే మాలాంటి ఇళ్లకు ఆ గేటు అప్పటికే మూసి ఉంటుంది.

నా సంగతి సరే. బీఏ చదివాను, పేపర్లో పడ్డాను, బతికాను. చెల్లి సంగతి చెప్పాలి.

1998లో చెల్లి పది పాసైంది. నాకంటే ఎక్కువ మార్కులు. చుట్టాలొచ్చి ‘ఔర్ కిత్తా పఢాతే జీ?’ అన్నారు. ఇంకెంత చదివిస్తారని. ఆ రాత్రి చెల్లి నా పక్కన కూర్చుని, ‘తుమే బోలే తో అబ్బా సుంతే, భయ్యా’ అంది. నువ్వు చెబితే అబ్బా వింటారని. నేను చెప్పలేదు. మాచర్ల బస్సు, బురఖా, నలుగురి నోళ్లు... నాకూ భయమే. ఆ పెద్దమనిషిని ఇన్నేళ్లుగా తిట్టుకుంటూనే ఉన్నాను. చెల్లి నన్ను ఒక్కసారీ తిట్టలేదు.

సెక్యులర్ మిత్రులు అడుగుతుంటారు, ‘మీవాళ్లు మదరసాలకే పంపుతారుగా’ అని. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాలకు వెళ్లేది 3 శాతమేనని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. మిగిలినవాళ్లలో బడికెళ్లేవాళ్లు మీ పిల్లల పక్క బెంచీలోనే కూర్చుంటారు మిత్రులారా! పది దగ్గర ఒకరు, ఇంటర్ దగ్గర ఒకరు జారిపోతుంటే, ఎక్కడికి పోయారని బెంచీ అడగదు. మనమూ అడగం.

నా రోజుల్లో షేక్ అంటే ఓసీ. 2007 చట్టంతో బీసీ-ఇ కింద 4 శాతం వచ్చింది. అందులో షేక్‌లున్నారు. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొఘల్‌లు లేరు. దూదేకులవాళ్లు ముందునుంచీ బీసీ-బి. ఈ తేడా తెలియక, సర్టిఫికెట్ సమయానికి తీసుకోక, వచ్చిన ర్యాంకుతో ఇంటికి తిరిగొచ్చిన పిల్లను చూశాను. హక్కు కాగితం మీద ఉంటే చాలదు. అది నీదని చెప్పే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి బయటినుంచే రావాలని నేను చాలాకాలం అనుకున్నాను.

పోయినేడు చెల్లి కూతురు పది రాసింది. పరీక్షలకు రెండు నెలల ముందే దుర్గి వెళ్లాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని ‘నీకేం ఇష్టమమ్మా?’ అన్నాను. ఆ పిల్ల వాళ్లమ్మ వైపు చూసింది. ‘నావైపు కాదు, మామూకు చెప్పు’ అంది చెల్లి.

‘లెక్కలు, మామూ’ అంది.

ఆ రాత్రే వాళ్ల అబ్బాతో మాట్లాడాను.