ఆటగాళ్లు వెళ్లిపోయిన మైదానము

మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పిల్లలకు ఆట అనగానే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ గుర్తుకు వస్తాయి. కోతలు అయిపోయి పొలములు ఎండితే చాలు, నాలుగు కర్రలు పాతి సాయంకాలము వరకు ఆడుకొంటారు. ఫుట్‌బాల్ మాత్రము మన పల్లెలలో అంతగా కనబడదు. అయితే తెలుగువారి నగరమైన హైదరాబాదు ఒకప్పుడు ఈ ఆటలో దేశమునకే పాఠము చెప్పినదని మన పిల్లలలో ఎందరికి తెలుసు? ఈ మాట వారికి కళ్లారా చూపించవలెనని అనుకొన్నాము.

రేపల్లెలో రాత్రి రైలు ఎక్కాము. బాపట్ల నుండి వచ్చినవారు తెనాలిలో కలిశారు. పెద్దలము నలుగురము, ఇంటర్ చదువుచున్న పిల్లలు ఆరుగురు. పులిహోర పొట్లాలు, మంచినీళ్ల సీసాలు, ఒక పాత బంతి, ఇవే మా సామాను. తెల్లవారేసరికి నగరము చేరాము.

మొదట బషీర్‌బాగ్ వద్ద, నిజాం కళాశాల పక్కన ఉన్న లాల్ బహదూర్ స్టేడియమునకు వెళ్లాము. దీని పాత పేరు ఫతే మైదాన్. ఫతే అనగా విజయము. 1687లో ఔరంగజేబు సైన్యము గోల్కొండ కోటను ఎనిమిది నెలలు ముట్టడించినప్పుడు ఈ ఖాళీ స్థలములో విడిది చేసినదట. కోట పడిపోయిన తరువాత దీనికి ఆ పేరు వచ్చినది. నిజాముల కాలములో ఇక్కడ పోలో ఆడేవారు. 1955లో ఇక్కడ టెస్టు క్రికెట్ జరిగినది. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టారు. 1983 జనవరి 9న ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసినది కూడా ఇక్కడనే. ఆ దినము మన జిల్లాల నుండి కూడా జనము తరలి వెళ్లిన సంగతి పెద్దలకు జ్ఞాపకము ఉండే ఉంటుంది.

ఆ మెట్ల మీద కూర్చుండి పిల్లలకు సయ్యద్ అబ్దుల్ రహీం గారి సంగతి చెప్పాము. ఆయన బడి పంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆయన తర్ఫీదులో ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. ఆటగాడు కుడికాలితో పాటు ఎడమకాలిని కూడా సాధన చేయాలని, బంతిని తన దగ్గరే దాచుకొనక తోటివానికి వెంటనే అందించాలని ఆయన పట్టుబట్టేవారు.

1952 హెల్సింకి ఒలింపిక్సులో మన దేశము యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడినది. ఆ చలిలో మనవారు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. అప్పుడు కూడా శిక్షకుడు రహీం గారే. ఆయన నిరాశపడి ఇంట కూర్చుండలేదు. నాలుగు సంవత్సరముల తరువాత 1956లో మెల్‌బోర్న్‌లో మన జట్టును నాలుగవ స్థానము వరకు తీసుకొని వెళ్లారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవారు బంగారు పతకము తెచ్చారు. ఆ జట్టులోని గోల్ కీపర్ పీటర్ తంగరాజ్ గారు హైదరాబాదులో పుట్టినవారే. రహీం గారు అప్పటికే క్యాన్సరుతో బాధపడుచున్నారు. మరుసటి సంవత్సరము 1963 జూనులో కన్నుమూశారు. ఇది విని మా పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు.

మధ్యాహ్నము గచ్చిబౌలికి వెళ్లాము. అక్కడ ఉన్నది జి.ఎం.సి. బాలయోగి స్టేడియము. ఈ పేరు డెల్టా ప్రజలకు కొత్తది కాదు. కోనసీమ బిడ్డ బాలయోగి గారు లోక్‌సభ స్పీకరు పదవిని అధిష్ఠించిన మొదటి దళితుడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు చేపల చెరువులో కూలి ఆయన మరణించారు. అదే సంవత్సరము డిసెంబరులో హైదరాబాదులో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగాయి. ఆ క్రీడల కొరకు కట్టిన ఈ మైదానమునకు ఆయన పేరు నిలిచినది. సుమారు 30 వేల మంది కూర్చుండగలరు. చుట్టూ పరుగు పందెముల బాట, మధ్యన పచ్చని గడ్డి.

2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు ఏర్పడి దీనిని తన ఇల్లుగా చేసుకొన్నది. ఆ సంవత్సరము నవంబరు 2న ఇక్కడ ఆడిన మొదటి ఆటలో కేరళ జట్టును 2-1తో ఓడించినది. గచ్చిబౌలి కంపెనీలలో ఉద్యోగములు చేయుచున్న మన ప్రాంతపు యౌవనస్థులు కొందరు పసుపు చొక్కాలు తొడుగుకొని ఆటలకు వెళ్లేవారు.

అంతలో కరోనా వచ్చినది. జట్లన్నీ గోవాలోనే ఆడవలసి వచ్చినది. 2020 ఏప్రిలులో ఈ క్రీడాగ్రామములోని పెద్ద భవనమును సుమారు 1500 పడకల ఆసుపత్రిగా మార్చారు. ఆటగాళ్ల కొరకు కట్టిన గదులలో రోగులు పడుకొన్నారు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానములో హైదరాబాదు జట్టు మరల కేరళ మీదనే గెలిచి ఛాంపియన్ అయినది. పెనాల్టీలలో గోల్ కీపర్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. ఆ సంవత్సరమంతా సొంత మైదానములో ఒక్క ఆట కూడా ఆడకుండానే కప్పు గెలిచారు. ఇల్లు మూసి ఉండగా పరాయి ఊరిలో పెండ్లి చేసినట్లు అయినది.

తరువాత ఇంటికి తిరిగి వచ్చారు గాని, ఆ సంతోషము నిలువలేదు. 2023-24లో జీతములు సకాలములో అందక ఆటగాళ్లు అనేకులు వెళ్లిపోయారు. 22 ఆటలలో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచారు. చివరకు 2025 అక్టోబరులో యజమానులు జట్టును ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చివేశారు.

"మామయ్యా, జట్టును కూడా బదిలీ చేస్తారా?" అని బాపట్ల కుర్రవాడు అడిగాడు. ఏమి చెప్పగలము? డబ్బు పెట్టినవారు తీసుకొనిపోయారని చెప్పాము. కాని ఆ ప్రశ్న మమ్మును వదలలేదు.

నార్వే దేశములో బెర్గెన్ అనే పట్టణము ఉన్నది. అక్కడి బ్రాన్ జట్టు 1908లో పుట్టినది. 1919లో తెరచిన మైదానములోనే నేటికీ ఆడుచున్నది. తాతలు చూచిన చోటనే మనుమలు కూడా చూచుచున్నారు. ఒక జట్టు ఊరిదైతే ఊరితోపాటు నిలుస్తుంది. కొనుక్కున్నదైతే కొన్నవాని వెంట పోతుంది. మన ఫతే మైదానము అందుకు సాక్షి. రాజులు పోయారు, పోలో గుఱ్ఱములు పోయాయి, పెద్ద క్రికెట్ ఉప్పల్‌కు తరలిపోయినది. నేల మాత్రము మిగిలినది, నగరము మధ్యన ఆటకు చోటు ఉన్నది.

ఇది హైదరాబాదుకు మాత్రమే చెందిన మాట కాదు. మన ఊళ్లలో బడుల ఆవరణలు, మందిరముల ప్రక్క స్థలములు ఎన్ని మిగిలాయో ఒకసారి లెక్క చూడండి. రోడ్డు వైపు దుకాణములు కట్టి అద్దెకు ఇస్తే నెలనెలా డబ్బు వస్తుంది, నిజమే. మరమ్మతులకు, జీతములకు డబ్బు కావలసినదే. కాని ఒకసారి గోడ లేచిన తరువాత పిల్లలు ఆడుకొనే చోటు తిరిగి రాదు. వారు రోడ్డు మీదనైనా ఆడాలి, లేదా ఫోను పట్టుకొని మూలన కూర్చుండాలి. సంఘపు పెద్దలు, బడి కమిటీలవారు ఇటువంటి తీర్మానము వ్రాసే ముందు ఒక సాయంకాలము ఆ స్థలములో నిలబడి, అక్కడ ఎందరు పిల్లలు ఆడుచున్నారో లెక్కించి తరువాత సంతకము చేయుట మంచిది.

మీరు హైదరాబాదు వెళ్లినప్పుడు చార్మినారుతో పాటు ఈ రెండు మైదానములను కూడా పిల్లలకు చూపించండి. ఒక బడి పంతులు పదకొండుమంది చేత ఏమి చేయించగలిగాడో ఒకచోట చెప్పవచ్చును. ఊరివారిది కాని జట్టు ఎంత త్వరగా వెళ్లిపోతుందో రెండవచోట చూపవచ్చును. తిరిగి వచ్చిన తరువాత ఒక బంతి కొని ఇవ్వండి. అది ఆడుకొనుటకు చోటు కూడా మిగల్చండి.